కంప్యూటరు మూగబోయిన వారం



ప్రతి నెలా ఈ గోడ పత్రికకు సామెతలు, పొడుపు కథలు రాసేది నేనే. ఈసారి నా సొంత సంగతి రాస్తున్నాను. చదివాక కొందరికి నా మీద కోపం రావచ్చు. అయినా రాయక తప్పదు.

పోయిన నెల ఒక ఆదివారం కంప్యూటరు గది ఊడ్చే వంతు నాది. కిటికీ పక్కన ఉన్న కంప్యూటరు వెనక దుమ్ము ఎక్కువగా ఉందని, డబ్బాను బల్ల మీద నుంచి దించబోయాను. చెయ్యి జారి ఒక మూల నేలకు ధడేల్‌మని తగిలింది. పైకి సొట్ట కూడా పడలేదు. తిరిగి పెట్టేసి వైర్లన్నీ ఎక్కడివక్కడ గుచ్చాను. స్విచ్ వేస్తే లోపల ఫ్యాను తిరిగింది గానీ తెర నల్లగానే ఉంది. కూయ్, కూయ్ అని ఒకటే కూత. నా గుండె జారిపోయింది. ఆపేసి, తాళం వేసి వచ్చేశాను.

సోమవారం ఆ కంప్యూటరు ముందు 7వ తరగతి తమ్ముడు కూర్చున్నాడు. అది పని చేయలేదు. "నువ్వే ఏదో నొక్కి పాడుచేశావు" అని అందరూ వాడి మీద పడ్డారు. "నానేటీ సేయలేదన్నా" అని వాడు ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. రిపేరు డబ్బులు కట్టమంటారేమో, మా అయ్య పసుపు అమ్ముకున్న డబ్బులు దీనికే పోతాయేమో అని భయం. ఆ రాత్రి అన్నం సహించలేదు.

బుధవారం కంప్యూటరు సారు "టార్చి పట్టుకోవడానికి ఒకడు రండిరా" అన్నారు. నేనే వెళ్ళాను.

సారు ముందు ప్లగ్గు పీకేశారు. రేకును ఒకసారి చేత్తో ముట్టుకున్నారు. మన ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చేస్తుందట. పక్క రేకు తీస్తే లోపల ఒక ఆకుపచ్చని పలక. "ఇదే మదర్‌బోర్డు. మిగతావన్నీ దీన్ని అంటిపెట్టుకున్న పిల్లలే" అన్నారు.

ఒక్కొక్కటీ చూపించారు. మూలన ఉన్న పెట్టె పవర్ సప్లై. గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి, 24 పిన్నుల లావు కనెక్టరుతో బోర్డుకు అందిస్తుంది. ఫ్యాను కింద సాకెట్టులో ప్రాసెసరు ఉంటుంది. హార్డ్ డిస్కుకు రెండు కేబుళ్ళు. సన్నది సమాచారానికి, అది బోర్డు నుంచి వస్తుంది. వెడల్పాటిది కరెంటుకు, అది పవర్ సప్లై నుంచి వస్తుంది. మనం నొక్కే బటన్ నుంచి కూడా రెండు సన్న వైర్లు బోర్డు మీది చిన్న పిన్నులకే పోతాయి. రూపాయి బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంది. కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. కీబోర్డు, మౌసు, మానిటరు వెనక గుచ్చుతాం కదా, ఆ కన్నాలు కూడా బోర్డు అంచున ఉన్నవే.

ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి? పలక మీద, పలక పొరల్లోనూ సన్నని రాగి గీతలు ఉన్నాయి. సమాచారం మోసే ఆ గీతల గుంపును బస్సు అంటారట. నాకు నవ్వొచ్చింది. మా ఊరికి రాని బస్సు ఈ డబ్బాలో తిరుగుతోంది!

సారు ర్యామ్ పలకను వేలితో కదిపారు. ఒక పక్క లేచి ఉంది. "ఇదీ రోగం. ఆన్ చేయగానే బోర్డు తన భాగాలను పరీక్షించుకుంటుంది. ర్యామ్ పలకకపోతే ఇలా కూస్తుంది" అన్నారు. దాన్ని తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచారు. ఆ అంచుకు 240 కాంటాక్టులు ఉంటాయి, అది డీడీఆర్3 రకం. నడుమ కాస్త పక్కగా ఒక గాటు ఉంటుంది, అందుకే తిరగేసి పెడితే దిగదు. గాటు చూసి నొక్కితే క్లిప్పు టక్‌మని పడింది. ఆన్ చేస్తే తెర వెలిగింది.

నాకు ఏడుపొచ్చింది. "సారూ, ఆదివారం పడేసింది నేనే" అన్నాను. సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పైసా ఖర్చు లేని పనిరా ఇది. దీన్ని మూడు రోజులు నువ్వు మోశావు, ఆ పిల్లాడి చేత మోయించావు" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర తమ్ముడికి చెప్పాను. "సరేలే అన్నా" అన్నాడు. కానీ వాణ్ణి అన్నది అందరి ముందు. కుళాయి దగ్గర చెప్పిన క్షమాపణ చాలదు. అందుకే ఇక్కడ రాశాను. తమ్ముడూ, తప్పు నాది, నీది కాదు. నన్ను క్షమించు.

గుర్తుంచుకోవలసినవి:
1. కంప్యూటరు కదపాలంటే ప్లగ్గు తీసి, ఇద్దరు పట్టుకోవాలి.
2. ఏ కనెక్టరునూ బలవంతంగా దూర్చరాదు. గాటు చూడాలి.
3. తప్పు జరిగితే ఆ రోజే చెప్పాలి.

ఇట్లు,
ఈ పత్రిక చేతిరాత ఎవరిదో మీకందరికీ తెలుసు.
9వ తరగతి