అంట్ల లెక్క

మా అపార్టుమెంటులో లిఫ్టు రిపేరు, పార్కింగు గొడవ తర్వాత అంతగా చర్చకొచ్చే విషయం గిన్నెలు తోమే మిషను. కొన్నవాళ్ళు కొననివాళ్ళకి చెప్పే మొదటి మాట, "బోలెడు ఆదా అండీ" అని. నాకిది వింతగా ఉంటుంది. ఏసీ కొన్నవాళ్ళు ఆదా కోసం కొన్నామని చెప్పరు. పెద్ద టీవీ కొన్నవాళ్ళు అసలే చెప్పరు. హాయిగా ఉంటుందని కొన్నాం అంటారు, అక్కడితో సరి. ఈ ఒక్క మిషను దగ్గరికొచ్చేసరికే సంజాయిషీ కావాలి. వంటింటి చాకిరీ తగ్గించుకోవడానికి నలభై, యాభై వేలు పోశామని చెప్పుకోడానికి మనకింకా నోరు రాదు. రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చినప్పుడూ ఇంతే. పచ్చడి రుచి పోయిందని ఒక తరమంతా సణిగింది గానీ, రుబ్బినవాళ్ళ భుజాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

సరే, ఆదా అన్నారు కాబట్టి ఆదా లెక్కే చూద్దాం.

షోరూములో కుర్రాడు వల్లించే మొదటి వాక్యం, "చేత్తో తోమితే వంద లీటర్లు సార్, దీనికి పది చాలు" అని. ఆ వంద గాల్లోంచి పుట్టింది కాదు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో యూరపులోని ఏడు దేశాల వాళ్ళని 113 మందిని కూర్చారు. పన్నెండు మంది తిన్న అంట్లు ముందు పెట్టి, మీ ఇంట్లో ఎలా కడుగుతారో అలాగే కడగమన్నారు. సగటున 103 లీటర్ల నీళ్ళు పోయాయి. ఆ నీళ్ళు కాగడానికి రెండున్నర యూనిట్ల కరెంటు అయింది. మిషనుకి అందులో చిన్న వంతు నీళ్ళు, తక్కువ కరెంటు సరిపోయాయి. అక్కడ మిషను గెలిచింది. ఎవరూ కాదనలేరు.

అయితే ఆ గెలుపంతా వేణ్ణీళ్ళ మీద గెలుపు. చలిదేశాల్లో కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి, వాటితోనే కడుగుతారు. మన ఇళ్ళలో అంట్లకి వేణ్ణీళ్ళు వాడేదెవరు? నెయ్యి పేరుకున్న గిన్నెకో, నూనె మూకుడుకో ఓ చెంబెడు పోస్తాం, అంతే. మనం చేత్తో తోమితే అయ్యే కరెంటు ఖర్చు సున్నా. మనదేశంలో అమ్మే మిషనేమో చన్నీళ్ళు తీసుకుని, లోపల హీటరుతో తనే కాచుకుంటుంది. అక్కడ కరెంటు మిగిల్చే యంత్రమే ఇక్కడికొచ్చి లేని కరెంటు ఖర్చు తెచ్చిపెడుతుంది. షోరూము కుర్రాడు నీళ్ళ లెక్క జర్మనీ నుంచి తెచ్చాడు, వేణ్ణీళ్ళ సంగతి మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు.

ఈ వేణ్ణీళ్ళ పేచీ యంత్రం పుట్టిన రోజుల నుంచీ ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్ అనే ఊళ్ళో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ ఉండేది. కలిగిన ఇల్లు, విందులు, ఖరీదైన పింగాణీ. కడిగేటప్పుడు పనివాళ్ళు అంచులు విరగ్గొడుతున్నారని విసిగిపోయి మిషను ఆలోచన మొదలుపెట్టింది. ఈలోగా భర్త అప్పులు మిగిల్చి పోయాడు, వేడుకగా మొదలైన ఆలోచన బతుకుతెరువైంది. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో అందరూ చూశారు. కొన్నది మాత్రం హోటళ్ళు, ఆస్పత్రుల్లాంటి చోట్ల వాళ్ళే. ఇళ్ళవాళ్ళు కొనలేదు. ధర ఒక కారణం, యంత్రానికి కావలసినన్ని వేడినీళ్ళు చాలా ఇళ్ళలో లేకపోవడం ఇంకో కారణం. మామూలు ఇళ్ళలోకి అది చేరేసరికి రెండో ప్రపంచ యుద్ధం కూడా అయిపోయింది.

ఆ అమెరికాలోనే మనవాళ్ళ ఇళ్ళలో జరిగే తమాషా అందరికీ తెలిసిందే. ఇంటితో పాటే మిషను ఉంటుంది, వేడినీళ్ళ గొట్టం ఉంటుంది, కొత్తగా పెట్టాల్సిన పెట్టుబడి లేదు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళిన తల్లి అంట్లన్నీ సింకులో చేత్తో తోమేసి, నీళ్ళోడ్చడానికి ఆ మిషను అరల్లో బోర్లిస్తుంది. "దానికి ఎందుకురా కరెంటు దండగ, నాలుగు కంచాలేగా" అంటుంది. కుళాయి ఎడమవైపు తిప్పి ధారాళంగా వదిలిన వేణ్ణీళ్ళకి గ్యాసు ఖర్చవుతోందని ఆవిడకి తోచదు. మిషను వల్ల నిజంగా నాలుగు డాలర్లు మిగిలే ఇల్లు ఏదైనా ఉంటే అదే, అక్కడేమో అది గిన్నెల స్టాండు.

ఇప్పుడు హైదరాబాదుకొద్దాం. నలుగురున్న ఇల్లు, రోజుకో విడత మిషను వేస్తారనుకుందాం. నీళ్ళ సంగతి ముందు. చేత్తో అయితే రెండు పూటలా కలిపి యాభై లీటర్లనుకోండి, మిషనుకి పది. నలభై లీటర్లు మిగిలాయి. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిపోయి ప్రైవేటు ట్యాంకరు తెప్పించుకుంటే అయిదు వేల లీటర్లకి వెయ్యి రూపాయలు వదులుతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే లీటరు ఇరవై పైసలు. నలభై లీటర్లకి ఎనిమిది రూపాయలు మిగిలాయి. మరి మిషను ఒక విడతకి తినేది సుమారు ఒక యూనిట్. ఒక యూనిట్టే కదా అనిపిస్తుంది గానీ, కరెంటు బిల్లు సగటు మీద నడవదు, స్లాబుల మీద నడుస్తుంది. కొత్తగా చేరిన యూనిట్ ఎప్పుడూ మీ ఆఖరి స్లాబులోనే పడుతుంది. వేసవిలో ఏసీ నడిచే ఇంట్లో నెలకి 300 యూనిట్లు దాటితే ఆ పైవాటి రేటు తొమ్మిది రూపాయలకి అటూ ఇటూగా ఉంటుంది. ట్యాంకరులో ఎనిమిది మిగిలాయి, మీటరులో తొమ్మిది పోయాయి. కృష్ణా నీళ్ళో మంజీరా నీళ్ళో కుళాయిలో వచ్చే ఇంట్లో ఆ ఎనిమిది కూడా మిగలవు.

తెలంగాణలో గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్ళవాళ్ళయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడితే వాళ్ళకి బిల్లు సున్నా. ఈ మిషను నెలకి ముప్పై యూనిట్లు కలిపి గీత దాటించిందంటే, దాటిన నాలుగు యూనిట్లకే కాదు, ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవాలి.

కరెంటు కన్నా పెద్ద ఖర్చు సబ్బుది. మామూలు విమ్ ద్రవం ఇందులో పోస్తే నురగ పొంగి వంటిల్లంతా పారుతుంది. దీనికి వేరే పొడి ఉంది, బిళ్ళలున్నాయి. బిళ్ళ పదిహేను, ఇరవై రూపాయలు పడుతుంది, పొడి కొంచెం నయం. దానితో పాటు ఉప్పు. ఇది కూరలో ఉప్పు కాదు, మిషను అడుగున నీటి గట్టితనం తీసే గుళికలుంటాయి, వాటిని మళ్ళీ పనిలోకి తేవడానికి వేసే ముతక ఉప్పు. మన బోరు నీళ్ళలో సున్నం జాస్తి. ఉప్పు అయిపోయినా పట్టించుకోకపోతే నాలుగు విడతల్లో స్టీలు గ్లాసుల మీద తెల్లటి పొర దిగుతుంది, వేలితో గీస్తే గీత పడేంతగా. గ్లాసులు మెరవడానికి ఇంకో ద్రవం. ఈ మూడూ కలిసి నెలకి ఆరువందలు దాటిస్తాయి. నలభై అయిదు వేల మిషను పదేళ్ళు నడిచిందనుకున్నా నెలకి 375. (2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ధర కొంత తగ్గింది, ఆ మేరకు సంతోషం.) కరెంటు 270, రిపేర్లకి ఓ నూటయాభై. మొత్తం నెలకి పద్నాలుగు, పదిహేను వందలు.

అదే మనమే తోముకుంటే సబ్బుబిళ్ళకీ పీచుకీ కలిపి నూటయాభై చాలు.

ఇన్ని పెట్టి కొన్నాక అన్నీ అందులో పెట్టగలమా అంటే అదీ లేదు. ఇనుప పెనం, ఇనుప మూకుడు పెడితే తుప్పు. అల్యూమినియం కుక్కరు పెడితే ఆ పొడి ఘాటుకి బూడిదరంగుకి తిరిగి, ముట్టుకుంటే చేతికి నలుపు అంటుతుంది. ఇత్తడి, రాగి మెరుపు పోతుంది. నాన్‌స్టిక్ పూత త్వరగా లేస్తుంది, చెక్క గరిటె విచ్చుతుంది. ప్లాస్టిక్ డబ్బాకి పట్టిన పసుపు అలాగే ఉంటుంది. పోగా మిగిలేవి స్టీలు కంచాలు, గ్లాసులు, గిన్నెలు, చెంచాలు, పింగాణీ. నిజానికి చేత్తో తోమినా రెండు నిమిషాల్లో తేలిపోయేవి అవే. పాలు అడుగంటిన గిన్నె, పులుసు మరిగి అంచున గట్టిపడిన దాక, ఉప్మా మాడిన మూకుడు, వీటిలో సగం సింకులోనే ఉండిపోతాయి. తేలిక చాకిరీ మిషనుకి, మొండి చాకిరీ మనిషికి.

ఆ మనిషి సంగతే అసలు లెక్క. బజారులో ఈ మిషను పోటీ పడేది కుళాయితో కాదు, పనిమనిషి జీతంతో. 2020 లాక్‌డౌన్‌లో అసోసియేషన్లు పనివాళ్ళని గేటు దగ్గరే ఆపేసినప్పుడు గదా మనదేశంలో ఈ మిషనుకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. మా వైపు రెండు పూటలా అంట్లకి పదిహేను వందల నుంచి రెండు వేలు తీసుకుంటారు. మిషను ఖర్చూ అంతే. మా పై అంతస్తులో ఒకావిడ ఇంట్లో మిషను దిగిన రోజున ఆవిడ దగ్గర చేసే అమ్మాయి గుమ్మంలోనే నిలబడి అడిగింది. "మిషన్ తెచ్చిండ్రంట గదమ్మా. మరి నన్ను బంద్ జెయ్యమంటరా?" ఆవిడ నీళ్ళు నమిలి, అంట్లు మాన్పించి ఊడవడం, తుడవడం మాత్రం ఉంచి, జీతంలో వెయ్యి తగ్గించింది. నెల తిరక్కుండానే మూకుళ్ళూ కుక్కరూ సింకులో పోగుపడ్డాయి. వాటికోసం మళ్ళీ అయిదు వందలు కలిపింది. ఇప్పుడా ఇంట్లో మిషనూ ఉంది, అమ్మాయీ ఉంది. ఖర్చు తొమ్మిది వందల పైచిలుకు పెరిగింది. అయినా ఆవిడ ముఖంలో కళ తగ్గలేదు. పొద్దున్నే "ఇయ్యాల రాను అమ్మా" అనే ఫోను వస్తే ఒకప్పటిలా ఒళ్ళు భగ్గుమనడం లేదట.

నీళ్ళూ కరెంటూ రెండూ తక్కువ ఖర్చయ్యే పద్ధతి ఒకటుంది, దానికి షోరూము అక్కర్లేదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ఇదే పోలిక కర్బన ఉద్గారాల లెక్కన తీస్తే, కుళాయి ధారగా వదిలి కడిగేవాళ్ళ కన్నా మిషనే మేలని తేలింది గానీ, రెండు తొట్లు పెట్టుకుని ఒకదాంట్లో తోమి ఇంకోదాంట్లో జాడించే పద్ధతి మిషనుకన్నా కూడా మెరుగని తేలింది. మా అమ్మమ్మ నూతి గట్టు దగ్గర చేసింది అదే. ఎంగిలి ముందే దులిపేసి, కొబ్బరి పీచుకి బూడిద అద్ది అన్నీ పొడిపొడిగా తోమి వరసగా పెట్టేది. అప్పుడు గానీ నీళ్ళు ముట్టేది కాదు. ఒక గంగాళంలో ముంచి, ఇంకో గంగాళంలో తొలిచి, ఎండలో బోర్లించేది. ఆ నీళ్ళు పెరట్లో అరటిచెట్టుకి పోయేవి. ఇప్పుడు నూతులు లేవు, పెరళ్ళు లేవు, వాటి కోసం ఏడవను కూడా ఏడవను. నడుం వంగిన ఆవిడకి ఆ పని ఇష్టమో కాదో ఎవరడిగారు గనుక! కానీ కుళాయి కట్టేసి తోమడం, రెండు బేసిన్లు పెట్టుకోవడం అయిదో అంతస్తులో కూడా చెయ్యొచ్చు.

మిషను కొన్నవాళ్ళకి ఒక ముక్క. ఎకో అని ఉండే మీట నొక్కితే మూడు గంటల పైన తిరుగుతుంది. అంతసేపు తిరిగితే కరెంటు కాలిపోతుందని భయపడి గంటలో అయ్యేది నొక్కుతారు చాలామంది. తిరగడానికయ్యే కరెంటు తక్కువ, నీళ్ళు కాగడానికి అయ్యేదే ఎక్కువ. ఎకోలో నీళ్ళు తక్కువ వేడెక్కుతాయి, ఆ లోటు సేపుతో తీరుతుంది. కాబట్టి నిదానంగా తిరిగేదే చవక. పెట్టేముందు ప్రతి గిన్నెనీ కుళాయి కింద కడిగి పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళు రెండు ఖర్చులూ భరిస్తున్నారు. మెతుకులు దులిపితే చాలు.

ఇక తీర్పు. చేత్తో తోముకునే ఇంట్లో మిషను డబ్బు మిగల్చదు. చేతి సబ్బు ఖర్చూ, ట్యాంకరు నీళ్ళలో మిగిలేదీ తీసేస్తే నెలకి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూగా, అదనంగా తీసుకుంటుంది. సర్దడానికీ తీయడానికీ పట్టే సమయం పోను రోజుకి నలభై నిమిషాలు తిరిగి ఇస్తుంది. నెలకి ఇరవై గంటలు. అంటే గంట యాభై రూపాయలకి పడింది. అంత ధరకి మీ గంట మీరే కొనుక్కోవడం బేరమనిపిస్తే నిక్షేపంగా కొనండి, అందులో తప్పేమీ లేదు. కొనేముందు పోయిన మే నెల కరెంటు బిల్లు తీసి ఆఖరి స్లాబు ఎంతో చూడండి. బోరు నీళ్ళ గట్టితనం పరీక్ష చేయించండి. మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద స్టీలు గిన్నె సంచిలో పెట్టుకెళ్ళి, షోరూములోనే ఆ అరలో పడుతుందో లేదో పెట్టి చూడండి. కుర్రాడు నవ్వితే నవ్వనీయండి.