అయ్యగారూ, చేతికి నల్లగా అంటుకుంది



పోయిన సంక్రాంతి సెలవుల్లో మన యౌవనస్థుల పిక్నిక్ గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, లేచిపోయాను. ఫొటోలు మీరంతా చూశారు. ఆ ఫొటోల్లో లేనిది ఒకటుంది. ఆదివారం సంఘం ముందు నాలుగు మాటల్లో చెప్పాను గాని, ఆ రోజు రానివాళ్ళు ఒకలాగా, సగం విన్నవాళ్ళు ఇంకోలాగా చెప్పుకుంటున్నారని మా ఇంటి అమ్మగారు అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం తెల్లవారుజామున వ్యానులో ఇరవై ముగ్గురం మారేడుమిల్లి వైపు బయలుదేరాం. వాగు ఒడ్డున వంట మొదలుపెట్టేసరికి తొమ్మిదయింది. పుల్లలు ఏరడానికి పైకి వెళ్ళిన ఇద్దరు ఆడపిల్లలు అరుచుకుంటూ కిందికి పరుగెత్తుకొచ్చారు. మెడ, చేతులు ఎర్రగా కందిపోయాయి, గోక్కుంటుంటే ఆగడం లేదు. నేను తేలు కుట్టిందేమో అనుకున్నాను. మా వ్యాను డ్రైవరు ఆ ప్రాంతం వాడే. చూడగానే, "అమ్మా, చెయ్యి పెట్టకండి! గోకొద్దు, రుద్దొద్దు, కదలకుండా నిలబడండి" అని గట్టిగా కేకేశాడు.

దూలగొండి. మీలో పొలం పనులు చేసినవాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. చిక్కుడు జాతి తీగ, ఒక్కో కాడకు మూడేసి ఆకులు. చలికాలం చివర కాయలు ఎండి, మీద బంగారు రంగు నూగుతో మఖమల్ గుడ్డలా ముద్దుగా ఉంటాయి. ఆ నూగులో ఒక్కో వెంట్రుకా ఒక్కో సూది. చర్మంలో దిగి అక్కడ తనలోని పదార్థాన్ని వదులుతుంది. కాయను ముట్టుకోనక్కర్లేదు, తీగ కింద నడిచినప్పుడు గాలి వీచినా చాలు, మీద రాలుతుంది. గోకితే ఆ సూదులు విరిగి ఇంకా లోపలికి పోతాయి, ఆ చేత్తో ఇంకెక్కడ ముట్టుకుంటే అక్కడికీ వస్తాయి.

డ్రైవరు వ్యానులోంచి అట్టపెట్టెలకు వేసే గమ్ టేపు తెచ్చి, అమ్మాయిలతో వచ్చిన అక్క చేతికిచ్చాడు. టేపు ముక్క చర్మం మీద మెల్లగా అద్ది, లాగి పారేయాలి. మళ్ళీ కొత్త ముక్క. పదిహేను ఇరవైసార్లు అలా చేశాక టేపుకు అంటుకున్న నూగు ఎండలో మెరుస్తూ కనబడింది. తర్వాత వాగు నీళ్ళు ధారగా పోసి సబ్బుతో కడిగారు. బట్టలు మార్చి, విప్పినవి విడిగా సంచిలో కట్టారు. గంట గడిచేసరికి పిల్లలిద్దరూ పులిహోర తింటూ నవ్వుతున్నారు. (ఆ నూగు కంట్లో పడితే నలపకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మన అదృష్టం, పడలేదు.)

ఆ గంటసేపట్లో నాకు నేనే ఒక చిన్న డాక్టరుననిపించింది. చేసిందంతా డ్రైవరు, పొంగిపోయింది నేను. మధ్యాహ్నం జరిగినదానికి ఆ పొంగు కూడా కొంత కారణమే.

భోజనాలయ్యాక వాక్యం చెప్పడానికి అందరినీ కూర్చోబెట్టాను. పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు ఆలస్యంగా వచ్చాడు. పేరు రాయను, మీకు తెలుసు. నా పక్కకు వచ్చి మెల్లగా, "అయ్యగారూ, చేతికి నల్లగా అంటుకుంది, పోవట్లేదండీ" అన్నాడు. వేళ్ళు చూశాను. తారు పూసినట్టున్నాయి. "ఏంట్రా అది?" అంటే, "జీడిపళ్ళండీ, పప్పు కోసం రాళ్ళతో కొట్టాను" అన్నాడు. దురద ఉందా అంటే లేదన్నాడు. పొద్దున చూసిన దూలగొండి మంట ముట్టిన క్షణంలోనే మొదలైంది కదా, దురదే లేనప్పుడు భయం దేనికని నా లెక్క. "ఏం కాదురా, ఇంటికెళ్ళాక కిరోసిన్‌తో తుడుచుకో. కూర్చో, వాక్యం మొదలుపెట్టాను" అన్నాను. వాడు కూర్చున్నాడు. చెమట పడితే ఆ చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు, చేతులు ప్యాంటుకు రాసుకున్నాడు. వాగు మాకు పది అడుగుల దూరంలో ఉంది. పొద్దున వాడిన సబ్బు రాయి మీదే ఉంది.

వాడు కొట్టింది మనం పాయసంలో వేసుకునే జీడిపప్పు గింజ కాదు, నల్లజీడి. మన భాషలో రెండింటికీ జీడి అనే పేరు ఉండటం ఎంత ప్రమాదమో నాకప్పుడే తెలిసింది. నల్లజీడి అడవి చెట్టు. వెడల్పాటి పెద్ద ఆకులు. నారింజ రంగు పండు లాంటి దాని కొసన నల్లగా మెరిసే గింజ ఉంటుంది. ఆ రంగు భాగాన్ని ఏజెన్సీ వాళ్ళు తింటారు, వాళ్ళకు దాని పద్ధతి తెలుసు. గింజ పెంకులో ఉండే రసమే అసలు సంగతి. మన పెద్దవాళ్ళ కాలంలో చాకలివారు బట్టల మీద గుర్తు పెట్టింది దానితోనే, ఎన్ని ఉతుకులకూ పోదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశంలో ఉన్న తెల్ల సిపాయిలకు చొక్కా మెడ దగ్గర ఆ చాకలి గుర్తు తగిలినచోట పుళ్ళు లేచేవని తర్వాత చదివాను. చుక్కంత గుర్తుకే అంత జరిగితే, వేళ్ళ నిండా పూసుకున్నవాడి సంగతి చెప్పాలా?

బుధవారం సాయంత్రం వాడికి వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. గురువారం తెల్లారేసరికి ముఖం వాచి, ఒక కన్ను మూసుకుపోయింది, చేతుల మీద నీటి పొక్కులు. వాళ్ళమ్మ కొబ్బరినూనె రాసింది. పక్కింటివాళ్ళు సర్పి అన్నారు, ఎర్రమట్టి పూయించమన్నారు. ఇంకెవరో మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చిచ్చారు. సాయంత్రం నన్ను ప్రార్థనకు పిలిచారు.

వెళ్ళాను. వాడి చెయ్యి పట్టుకొని ప్రార్థన చేశాను. గోళ్ళ చుట్టూ ఆ నల్లమచ్చ అలాగే ఉంది. చూశాను, గుర్తొచ్చింది, నోరు మెదపలేదు. మంగళవారం వాడు నాతో చెప్పాడన్న సంగతి వాళ్ళమ్మకు తెలిస్తే ఏమనుకుంటుందో అని. ఆ రాత్రి ప్రార్థన నేను చాలా పొడుగ్గా చేశాను, నాకిప్పటికీ గుర్తుంది.

శుక్రవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చూస్తూనే, "బాబూ, ఏదైనా చెట్టు పాలు, రసం అంటుకుందా?" అని అడిగారు. వాడు ఆ తెరిచి ఉన్న ఒక్క కంటితో నా వైపు చూసి, "ఏమీ లేదండీ" అన్నాడు.

నన్ను కాపాడటానికి వాడు అబద్ధమాడాడు. పద్నాలుగేళ్ళవాడు. నేను రెండు మూడు క్షణాలు ఊరుకున్నాను కూడా, అది దాచను. తర్వాత చెప్పాను. నల్లజీడి అని, వాడు అప్పుడే నాతో చెప్పాడని, కడుక్కోమని నేను పంపలేదని. వాళ్ళమ్మ తల తిప్పి నన్ను చూసింది, ఏమీ అనలేదు. డాక్టరమ్మ మాత్రం, "మొదటి పది నిమిషాల్లో సబ్బుతో బాగా కడిగి ఉంటే చాలావరకు తప్పేదండీ" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. దూలగొండి లాంటివి గుచ్చుకున్న వెంటనే తెలుస్తాయి. జీడిరసం అలా కాదు. నూనెలాగా చర్మంలోకి ఇంకుతుంది, మన ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపట్టి తిరగబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ముందు ఎక్కువ అంటినచోట, తర్వాత తక్కువ అంటినచోట లేస్తుంది కాబట్టి, పొక్కుల నీరు కారి పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ నీటివల్ల ఎవరికీ రాదు. రసం మిగిలి ఉన్న బట్టలు, గోళ్ళు, కత్తి, చెప్పులు, వీటివల్ల వస్తుంది. "ఆ ప్యాంటు ఎవరు ఉతికారు?" అని అడిగితే వాళ్ళమ్మ చీర కొంగులోంచి చేతులు బయటికి తీసింది. ఆమె మణికట్ల దాకా ఎర్రగా పొంగి ఉంది. బుధవారం ఉత్తి చేతులతో ఉతికిందట. ఆ చేతులను రెండు రోజులుగా ఎవరికీ చూపించలేదు, కొడుకు దగ్గరే ఎవరూ కూర్చోవడం లేదని.

ముఖం, కళ్ళు వాచాయి కాబట్టి వాడికి మాత్రలు రాశారు, రోజురోజుకూ తగ్గించుకుంటూ రెండు వారాలకు పైగా వాడేవి. దురద తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుందని రెండుసార్లు చెప్పారు. అమ్మకు పైపూత మందు, చల్లని తడిగుడ్డ, కాలమైన్ సరిపోయాయి. షాపులో తెచ్చిన ట్యూబు చూసి డాక్టరమ్మ నిట్టూర్చారు. నాలుగైదు మందులు కలిపిన అలాంటి క్రీములు అడగకుండా ముఖానికి రాసి చర్మం పాడుచేసుకుంటున్నవాళ్ళు రోజూ వస్తున్నారట. నేను చెప్పిన కిరోసిన్ సంగతి విని నా వైపు ఒక చూపు చూశారు. సున్నం, వేడినీళ్ళు కూడా వద్దన్నారు. ఊపిరాడకపోయినా, కళ్ళు, నోరు, మర్మస్థానాల దగ్గర వాచినా, పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంట్లో ఉంచుకోకూడదు.

ఆ ఆదివారం వాళ్ళమ్మ ఆరాధనకు వచ్చింది. చాప మీద ఆమెకు రెండు పక్కలా జాగా ఖాళీగా ఉంది. మీరు చెడ్డవాళ్ళని అనడం లేదు. కొడుకు నుంచి తల్లికి పాకిందని ఊరంతా అనుకుంటుంటే ఎవరికైనా భయమే. ఆ రోజు సిద్ధపడిన వాక్యం పక్కన పెట్టి, ఎలీషా కాలంలో కరువునాడు వంటకుండలో తెలియక కోసి వేసిన అడవికాయల సంగతి చదివించాను. ఇన్నేళ్ళు ఆ భాగాన్ని అద్భుతం గురించే చెప్పాను. ఈసారి నాకు కనబడింది వేరే. తింటున్నవాళ్ళు కేక వేయగానే ప్రవక్త విన్నాడు. ముందు భోజనం కానివ్వండి అనలేదు. అది చెప్పి, నేను ఎందుకు వినలేదో చెప్పాను. ప్యాంటు సంగతి కూడా చెప్పాను. పాట మొదలయ్యే ముందు మన పెద్దమ్మ ఒకావిడ చాప మీద జరిగి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకరు జరిగారు.

ఇది విని, డాలస్‌లో ఉన్న మన అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ పిల్లవాడికి క్యాంపులో పాయిజన్ ఐవీ తగిలి అచ్చం ఇలాగే అయిందట. అదీ నల్లజీడీ జీడిమామిడీ, చివరికి మన మామిడీ ఒకే కుటుంబం. పాయిజన్ ఐవీ పడనివాళ్ళలో కొందరికి మామిడికాయ సొన, తొక్క తగిలినా మూతి చుట్టూ దద్దుర్లు వస్తాయి. అక్కడి పిల్లలకు మూడాకుల తీగను ముట్టుకోవద్దని బడిలోనే నేర్పిస్తారట. ఎండాకులు పోగుచేసి తగలబెట్టేటప్పుడు అది కలిసిందంటే పొగతో ఊపిరితిత్తుల దాకా హాని. మన జీడిపెంకుల పొగకూ దూరంగా ఉండాలి. జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళు చేతులకు నూనో బూడిదో రాసుకొని పనిలో కూర్చోవడం చూసే ఉంటారు. అది ఊరికే కాదు.

మందిరం వెనక వయ్యారిభామ మళ్ళీ మోకాలెత్తు పెరిగింది. పీకడానికి శనివారం వచ్చేవాళ్ళు పూత రాకముందే రండి, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోండి. కిందటిసారి ఉత్తి చేతులతో పీకి, మెడంతా దద్దుర్లతో వారం తిరిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కుర్రాడికి మూడు వారాలకు పూర్తిగా నయమైంది. గోటి మీద నల్లమచ్చ మాత్రం గోరు పెరిగేదాకా ఉండిపోయింది. బడిలో అందరికీ చూపించుకున్నాడట. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి విడిగా క్షమాపణ అడిగాను. "మీరు చెప్పారు కదా అయ్యగారూ, సరే" అంది. ఆ "సరే"లో ఎంత ఉందో నాకు తెలుసు, ఇంకా కొంత మిగిలే ఉంది.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి పగలే తిరిగి వచ్చేలాగా. పొడుగు ప్యాంట్లు, బూట్లు, ఒక జత అదనపు బట్టలు ప్రతి ఒక్కరూ తెచ్చుకోవాలి. సబ్బులు ఆరు, గమ్ టేపులు రెండు, కాలమైన్ సీసా నా సంచిలో ఉంటాయి. ఏది అంటుకున్నా, దురద ఉన్నా లేకపోయినా, నేను వాక్యం చెబుతున్నా సరే మధ్యలో లేచి వాగు దగ్గరికి వెళ్ళిపోవచ్చు, నన్ను అడగనక్కర్లేదు. నల్లజీడి చెట్టును గుర్తుపట్టి చిన్నపిల్లలకు చూపించే పని వాడే చేస్తానన్నాడు. ముందు వరుసలో వాడే నడుస్తాడు.