దేవుణ్ణి కాదన్న వేదపండితుడు

అమెరికాలో డిగ్రీ పిల్లలకు మత తత్త్వశాస్త్రం చెప్పడమంటే చాలాకాలం ఒకటే బాట. దేవుడున్నాడని వాదించిన క్రైస్తవ పండితులు: 11వ శతాబ్దపు ఆన్సెల్మ్, ఆ తర్వాత అక్వైనస్, 1802లో పేలీ గారి గడియారం, అంటే గడియారానికి చేసినవాడున్నట్టే లోకానికీ ఉండాలన్న వాదం. ఆ గడియారాన్ని తాత్త్వికుడు హ్యూమ్ పుస్తకం 1779లోనే ముందస్తుగా ఊడదీసి పెట్టింది, అది వేరే కథ లెండి. ఇప్పుడు ప్రపంచమంతా చూపించాలన్న ఉత్సాహం వచ్చింది. మంచిదే. కానీ వారానికో మతం చొప్పున చెప్తే ఏమవుతుంది? తీర్థయాత్ర ప్యాకేజీ బస్సే. కాశీలో గంట, గయలో గంట, ఫొటో దిగారా, ఎక్కండెక్కండి!

నన్నడిగితే, ఒక్క తగాదా పట్టుకుంటే చాలు. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, అలాగే లోకానికీ ఓ కర్త ఉండాలంటారు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు. దాదాపు వెయ్యేళ్ల క్రితం ఉదయనుడు ఈ వాదాన్ని నిలబెట్టడానికే ‘న్యాయకుసుమాంజలి’ రాశాడు. పేలీని చదివిన పిల్లలు చప్పున గుర్తుపడతారు. ఉదయనుడికి చాలాముందే, 7వ శతాబ్దంలో బౌద్ధుడు ధర్మకీర్తి అడ్డం తగిలాడు: చీమలపుట్టా మట్టే కదా, దాన్నీ కుమ్మరే చేశాడంటారా?

బౌద్ధుడు కాదన్నాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అసలు తమాషా కుమారిలభట్టు దగ్గరుంది. వేదం కోసం ప్రాణం పెట్టే మీమాంసకుడాయన. ఆయన లెక్కలో వేదం ఎవరూ రాసింది కాదు, లోకానికి మొదలంటూ లేదు, కాబట్టి సృష్టికర్తతో పనే లేదు. పైగా నిలదీస్తాడు: దయతో సృష్టించాడంటారా, సృష్టికి ముందు జీవులే లేరే, దయ ఎవరిమీద? ఒళ్లే లేనివాడు పని ఎలా మొదలుపెట్టాడు? మతమంటే దేవుణ్ణి నమ్మడమేనని రాసుకొచ్చిన నోట్సు అక్కడ కొట్టేసుకోవాల్సిందే.

ఇంకోమాట. ఆ తరగతిలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. పంతులుగారు వాళ్లవైపు తిరిగి “దీనికి మీవాళ్లేమంటారు?” అంటే పాపం, వాళ్లేం చెప్తారు? ఇంట్లో సత్యనారాయణ వ్రతం చూశారు గానీ కుమారిలుడి పేరు విన్నదెక్కడ? వాళ్లను తమవాళ్ల ప్రతినిధులుగా నిలబెట్టకుండా మిగతావాళ్లతోపాటే వాదనకు దింపాలి. అదీ ఎదుటి పక్షాన. దేవుణ్ణి నమ్మే పిల్లాడు కుమారిలుడి తరఫున, నమ్మని పిల్ల ఉదయనుడి తరఫున. మార్కులు నమ్మకానికి కాదు, జవాబుకే. అన్నట్టు, ఆ దయ ప్రశ్నకు మీ జవాబేమిటి?