కారు చక్రాల బేరం... కాస్త మనమూ చూద్దాం!

ఈ పేజీల్లో గుత్తివంకాయ గురించో, ఊరగాయకు బూజు పట్టకుండా ఉండే చిట్కా గురించో చదువుదామని కూర్చున్న మీకు కారు టైర్ల సంగతి చెప్పబోతున్నానంటే నవ్వొస్తుందేమో. నవ్వుకోండి, పరవాలేదు. కానీ ఒక్కమాట. ఆ కారులో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది మనం. ఆ టైర్లకు డబ్బు వెళ్ళేది మనం నెలనెలా చీటీలు కట్టి దాచిన దాంట్లోంచే. అలాంటప్పుడు "అది మగవాళ్ళ వ్యవహారం" అని ఊరుకుంటే ఎలా చెప్పండి?

మాది ఆదోని. మా వారు పత్తి మార్కెట్లో ఒక మండీలో లెక్కలు రాస్తారు. మా అబ్బాయి రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో మారుతి స్విఫ్ట్ కొన్నాడు. 2015 మోడల్, పెట్రోలు బండి. వాడి కళ్ళకు అది స్పోర్ట్స్ కారే! దానికి ఎర్ర గీతలు వేయించాడు, పాటల పెట్టె పెట్టించాడు. పోనీలే, వయసు అని ఊరుకున్నాం. పోయిన ఏడాది వానలకు ముందు టైర్లు అరిగిపోయాయి. టైరు గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలుంటాయి చూశారూ, అరిగి అరిగి టైరు పైభాగం ఆ దిమ్మెలతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని లెక్క. ఇక ఆ టైరు పనికిరాదు. మావి అక్కడికి వచ్చేశాయి.

"టైర్లు ఎట్లాగూ కొనాల, చక్రాలు కూడా మార్చేస్తానమ్మా" అన్నాడు వాడు. 17 అంగుళాల అల్లాయ్ చక్రాలట, వాటికి 205 వెడల్పు టైర్లట. అన్నీ కలిపి డెబ్బై అయిదు వేలు! మా వారు భగ్గుమన్నారు. "రేయ్, ఉన్న చక్రాలకేం రోగం వచ్చింది? తిరుగుతున్నాయి కదా!" అన్నారు. "నీకు తెల్దులే నాన్నా, అల్లాయ్ అంటే తేలిక. బండి గాల్లో పోతాది" అని వాడు. మాటా మాటా పెరిగింది. పది రోజులు తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకరు అన్నం తిని లేచాక ఇంకొకరు రావడం. మధ్యలో రెండుసార్లు కూర వేడి చేసేది నేను.

అసలు బాధ వేరే ఉంది. మా కోడలికి అప్పుడు ఆరో నెల. పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఏడో నెలలో సీమంతం చేసి కాన్పుకు పంపాలి. సుమారు ముప్పై కిలోమీటర్ల దారి, అదీ వానాకాలంలో. ఆ కాన్పు ఖర్చుకనే నేను చీటీ ఎత్తి ఎనభై వేలు దాచాను. అవే ఇప్పుడు చక్రాల కింద పోతున్నాయి! అందుకే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "డబ్బు నా దగ్గరుంది. నాకు అర్థమయ్యేలా చెప్పినవాళ్ళ మాటకే ఇస్తాను."

టైరు మీద రాసిన జాతకం

మీ ఇంటి కారు టైరు పక్కకు వెళ్ళి చూడండి. 185/65 R15 88H లాంటి రాత కనిపిస్తుంది. ఇందులో 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 మాత్రం మిల్లీమీటర్లు కాదు. ఆ వెడల్పులో 65 శాతం అని. అది టైరు పక్కగోడ ఎత్తు. R అంటే రేడియల్ టైరు. 15 అంటే లోపలి చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. బియ్యం కిలోల్లో, పాలు లీటర్లలో, పూలు మూరల్లో కొన్నట్టు ఒకే వరసలో మూడు రకాల కొలతలన్నమాట!

ఇది ముందుగా పట్టుకున్నది మా కోడలు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. "నంబరు పెద్దదైతే లావు అనుకోకూడదు అత్తమ్మా, నూలులో 40 నంబరు కంటే 80 నంబరు సన్నం కదా. ఇక్కడా ఏ అంకె దేని లెక్కో చూసుకోవాలి" అంది.

చివరి 88 బరువు లెక్క. ఆ అంకెకు అర్థం ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని. 84 అయితే 500 కిలోలే. H అనే అక్షరం గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పరీక్షకు నిలిచిందని. మన రోడ్ల మీద అక్షరం సంగతి సరే కానీ, అంకె మాత్రం కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. పండక్కి అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం మూట వేసుకుని బయల్దేరేది మనమే కదా.

మెత్తన ఎంత పోయింది?

మా వారు లెక్కల మనిషి. కోపం పక్కన పెట్టి, చీటీ పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశారు. మా బండికి వచ్చిన టైరు 165/80 R14. పక్కగోడ 132 మిల్లీమీటర్లు, టైరు మొత్తం ఎత్తు సుమారు 620. అదే స్విఫ్ట్‌లో పై రకానికి కంపెనీ ఇచ్చింది 185/65 R15. దాని గోడ 120, ఎత్తు 622. 195/55 R16 వేస్తే గోడ 107, ఎత్తు 621. మా వాడు అడిగిన 205/45 R17కి గోడ 92, ఎత్తు 616.

చూశారా, మొత్తం ఎత్తు అన్నిటికీ ఇంచుమించు ఒకటే. అది మారకూడదు కూడా. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క మీదే స్పీడు ముల్లు కదులుతుంది. టైరు ఎత్తు పెరిగితే ముల్లు తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ వేగంలో పోతుంటాం. రెండు మూడు శాతానికి మించి తేడా రాకుండా చూసుకోవాలి. ఆ లెక్కన మా వాడు అడిగినది తప్పు కొలత కాదు. మరి పోయిందేమిటి? గోడ! 132 నుంచి 92కి, అంటే నాలుగు సెంటీమీటర్ల మెత్తన పోయింది.

మా చిన్నప్పుడు పల్లెలో ఇనుప పట్టా బండి ఎక్కినవాళ్ళకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. కొయ్య చక్రానికి కాల్చిన ఇనుప పట్టా బిగించిన బండి. గడ్డి పరిచి, దాని మీద బొంత పరిచినా నడుములు విరిగేవి. తర్వాత టైరు బండ్లు వచ్చాయి. దారి అదే, ఎద్దులు అవే, కుదుపు మాత్రం సగానికి సగం తగ్గింది. ఏమిటి మహిమ? టైరులోని గాలి. ఆ గాలి ఉండే చోటే పక్కగోడ. దాన్ని పలచన చేయడమంటే మళ్ళీ ఇనుప పట్టా బండి వైపు నడవడమే కదా!

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుంతలో పడినప్పుడు పలచటి గోడ, గుంత అంచుకూ చక్రం అంచుకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతుంది. లోపలి దారాలు తెగి టైరు పక్కన బొబ్బ లేస్తుంది. బొబ్బ వచ్చిన టైరును నమ్మకూడదు, ఎప్పుడైనా పగలొచ్చు. స్టీలు చక్రమైతే వంగుతుంది, అల్లాయ్ చక్రం గట్టి దెబ్బకు పగులుతుంది. మా వైపు నేల చాలావరకు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల. దాని మీద వేసిన తారు ఊరికే ఉంటుందా? పత్తి రోజుల్లో లోడు లారీలు, ట్రాక్టర్లు ఎదురైతే కారు రోడ్డు అంచు దిగాల్సిందే.

తేలికంటే ఏది తేలిక?

"అల్లాయ్ తేలిక" అన్నది మా వాడి పెద్ద ఆయుధం. మా వారు ఏం చేశారో తెలుసా? దుకాణంలో వాడికి తెలిసినవాళ్ళుంటే, ఒక 17 అంగుళాల చక్రం, ఒక 15 అంగుళాల చక్రం అడిగి తెప్పించి, టైరు తీసిన మా పాత స్టీలు చక్రంతో పాటు మూడింటినీ మండీలో కాటా మీద పెట్టించారు. మా స్టీలు చక్రం ఏడు కిలోల దగ్గర తూగింది. 17 అంగుళాలది తొమ్మిదిన్నర! 15 అంగుళాల అల్లాయ్ ఆరు కిలోల పైచిలుకు. మా వాడు కాటా వైపు రెండుసార్లు చూశాడు. అల్లాయ్ అన్నంత మాత్రాన తేలిక కాదు. పెద్దదైతే లోహమూ పెరుగుతుంది మరి.

తేలిక చక్రం వల్ల లాభం మాత్రం నిజమే. తిరగలి తిప్పినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రాయి బరువైతే మొదటి చుట్టు తిప్పడం కష్టం, తిరిగేదాన్ని ఆపడమూ కష్టం. బండి కదలడానికీ, బ్రేకు వేస్తే ఆగడానికీ అదే సూత్రం. పైగా చక్రం బరువును స్ప్రింగులు మోయవు, చక్రమే నేరుగా రోడ్డు దెబ్బ తింటుంది. నెత్తి మీద కిలో బరువుతో నడవడం వేరు, కాలికి కిలో రాయి కట్టుకుని నడవడం వేరు కదా.

ఈ తేలిక కోసం పందెం కార్లవాళ్ళు ఎప్పటినుంచో తపన పడుతున్నారు. 1924లో ఫ్రాన్స్‌లోని లియోన్ పందెంలో బుగాటి కారు అల్యూమినియం పోత చక్రాలతో దిగింది. ఆనాడు వాటిని ఇబ్బంది పెట్టింది చక్రాలు కాదు, టైర్లు. జపాన్‌లో రేస్ అనే కంపెనీ 1996లో టీఈ37 అని ఒక చక్రం చేసింది. 15 అంగుళాల చక్రం బరువు 3.7 కిలోలు, పేరులోని 37 అదే. అది పోత పోసింది కాదు, లోహాన్ని భారీ ఒత్తిడితో అదిమి చేసింది. ఇంట్లో పోత గిన్నెకూ, సాగగొట్టిన గిన్నెకూ ఉన్న తేడా లాంటిదే. సాగగొట్టింది పలచగా ఉండీ గట్టిగా ఉంటుంది. ధర మాత్రం మన అందుబాటులో లేదు.

మా వాణ్ణి పూర్తిగా కరిగించింది ఇంకో సంగతి. వాడు ఫోనులో పడి చూసే ప్రపంచ ర్యాలీ పందేల్లో తారు రోడ్డు మీదైతే 18 అంగుళాల చక్రాలు వేస్తారు. మట్టి, కంకర దారిలోనైతే అదే కారుకు 15 అంగుళాలు! ఫార్ములా వన్ కార్లయితే 2021 దాకా 13 అంగుళాల చక్రాలతోనే పరిగెత్తాయి, 18కి మారింది 2022లో. ఇది వాడే వెతికి, వాడే చదివి వినిపించాడు. "అయితే మన ఎమ్మిగనూరు దారి తారా, కంకరా?" అని అడిగింది కోడలు. అందరం నవ్వేశాం. ఆ రోజు తండ్రీకొడుకులు ఒకే పంక్తిలో అన్నం తిన్నారు.

చివరికి 15 అంగుళాల తేలిక అల్లాయ్ చక్రాలు, కంపెనీ పై రకానికి ఇచ్చిన 185/65 టైర్లు తీసుకున్నాం. నలభై అయిదు వేల లోపే అయ్యింది. మిగతాది కాన్పుకు నిలిచింది. మా వారు కోరినట్టు పాత చక్రాలే ఉంచితే ఇంకా మిగిలేదే, నిజమే. కానీ పిల్లాడి ముచ్చటా కొంత తీరాలి కదా. సీమంతం అయ్యాక ముసురులోనే ఎమ్మిగనూరు బయల్దేరాం. నీళ్ళు నిండిన గుంత ఒకటి కనపడక ధన్‌మని దిగింది బండి. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. అబ్బాయి దిగి, చక్రం చుట్టూ చేత్తో తడిమి చూశాడు. టైరూ బాగుంది, చక్రమూ బాగుంది. కోడలు కడుపు మీద చెయ్యేసుకుని "ఏం కాలేదత్తమ్మా, పోదాం" అంది. ఇప్పుడు మా మనవరాలికి అయిదో నెల.

మీరు అడగాల్సినవి

కొత్త చక్రాలు కొనే ముందు దుకాణంలో ఇవి అడగండి. మొహమాటపడకండి.

బోల్టుల లెక్క సరిపోతుందా? మా స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం మీద. నడిమి రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. రంధ్రం పెద్దదైతే మధ్యలో సరైన రింగు వేయాలి, లేకపోతే స్టీరింగు వణుకుతుంది.

చక్రం బయటికి ఎంత పొడుచుకొస్తుంది? దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. బండి నిండా మనుషుల్ని ఎక్కించి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడమనండి. ఎక్కడా రాసుకోకూడదు.

చక్రం వెనక బరువు లెక్క, కొలత అచ్చు పోసి ఉన్నాయా? ఏ రాతా లేని చక్రం ఎంత చవకైనా వద్దు. పగిలి అతుకు వేసి రంగు పూసినవి అసలే వద్దు.

టైరు ఎప్పుడు తయారైంది? పక్కన నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. పాత సరుకు అంటగడితే ఈ అంకెలే పట్టిస్తాయి.

గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మన ఎండలకు పరిగెత్తిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. చక్రాలు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పి రాయించుకోండి. బండి మోడల్‌కు కంపెనీ ఇచ్చిన కొలతల్లోనే ఉంటే పేచీలు తక్కువ.

మీ అబ్బాయో, అల్లుడో, ఆ మాటకొస్తే అమ్మాయో రేపు "చక్రాలు మారుస్తానమ్మా" అంటే వద్దని కసరకండి. ఈ పేజీ చించి దాచుకుని, పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడగండి. ఏ దారిన తిరిగే బండి, ఎవరు ఎక్కే బండి అన్నది మాత్రం మొదటి ప్రశ్నగా ఉంచుకోండి.