తాళంచెవి తిప్పితేనే

ఈమారు ఛందస్సు కాదు, నిఘంటువూ కాదు. ఒక పాత కారును గూర్చి వ్రాస్తున్నాను. ముప్పది నాలుగేండ్లు తెలుగు బోధించినవానికి విద్యుత్తుతో పనేమిటని మీరడుగవచ్చును. పని పడింది.

మా అన్నగారు 1992లో ఒక అంబాసిడర్ కొన్నారు. మా బీర్పూరులో అది ఎందరో పెండ్లికూతుళ్ళను, పురిటికి పోయే ఆడబిడ్డలను, గుట్టమీది నరసింహస్వామి దర్శనానికి వచ్చిన చుట్టాలను మోసిన బండి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిని ఆధారం చేసుకొని, బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1958 మొదలు 2014 దాకా ఆ కార్లను తయారుచేశారు. అన్నగారు 2019లో కాలం చేశారు. పాత ఇనుము కొనేవారు రెండుమార్లు వచ్చి అడిగినా వదినెగారు అమ్మనియ్యలేదు. వేపచెట్టు కింద రేకుల కప్పులో అది నిలిచిపోయింది. నాకు విశ్రాంత జీవితం. పింఛనులో నెలకింత తీసి దానిని బాగుచేయించే పని నెత్తికెత్తుకున్నాను.

ఇంజను కుదిరింది, బ్రేకులు కుదిరినాయి. రేడియోకు, సెల్‌ఫోను చార్జరుకు వేరుగా ఒక ఫ్యూజుపెట్టె కావాలంటే ఒక మెకానికు రిలే పెట్టి అమర్చి ఇచ్చాడు. అంతా వెలిగింది, మ్రోగింది. నేను సంతోషించాను. తీగ ఎక్కడనుండి ఎక్కడికి పోయిందో చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

2023 కార్తీకమాసంలో ఒక శుక్రవారం అర్ధరాత్రి వదినెగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. కారు ఉన్నదన్న ధైర్యంతో నేను పరుగెత్తి తాళంచెవి తిప్పాను. చప్పుడు లేదు. ఆదివారంనాడు స్వయంగా నడిపి చూచి నిలిపిన బండి! పక్కింటి పిల్లలిద్దరు నెట్టినారు, కదిలింది గాని అంటుకోలేదు. చివరకు వాడకట్టులోని ఒకరి ఆటోలో, చలిగాలిలో, జగిత్యాలకు చేరినాము. గుండె కాదు, పిత్తాశయంలో రాళ్ళు అన్నారు వైద్యులు. ఇంటికి వచ్చిన తరువాత వదినెగారు ఒక్కమాట అన్నారు: "మీ అన్న ఉంటే గిట్లయ్యేది గాదు. ఇగ అమ్మేయి."

ఆ రెండు వాక్యాలలో మొదటిదే నన్ను నిద్రపోనియ్యలేదు.

మా బడిలో నావద్ద చదివిన ఒక విద్యార్థి షార్జాలో పదకొండేండ్లు కార్ల ఎలక్ట్రీషియనుగా పనిచేసి తిరిగివచ్చి, కోరుట్లలో ఉంటున్నాడు. మా ప్రాంతంలో ఎడారి దేశాలకు పోయినవారు లేని వాడ అరుదు. చేతిలో పనితో తిరిగివచ్చినవారూ కొందరున్నారు. అతనిని పిలిపించాను. బ్యాటరీ నిండించి, తాళంచెవి తీసివేసి, బ్యాటరీ తీగకు నడుమ మీటరు కలిపి చూపినాడు. బండి నిద్రపోతూనే అర ఆంపియరు తాగుతున్నది!

"సార్, లెక్క మీరే జెయ్యండి. అరవై ఆంపియర్ అవర్ బ్యాటరీ. దినానికి పన్నెండు పోతే ఐదు దినాలకు ఏం మిగుల్తది?"

ఆదివారం నుండి శుక్రవారం దాకా సరిగ్గా ఐదు దినాలు. నేను మాటాడలేదు.

తరువాత అతడు చెప్పిన పాఠాన్ని నాకర్థమైనంతవరకు చెబుతాను. రిలేలో ఒక చుట్ట ఉంటుంది. దానికి కొద్దిపాటి విద్యుత్తు అందితే అయస్కాంతమై, లోపలి ఇనుప నాలుకను లాగుతుంది. అప్పుడు వేరొక దారిన పెద్ద ప్రవాహం పారుతుంది. కాళ్ళకు జర్మనుల ప్రమాణం, డిన్ 72552 ప్రకారం అంకెలుంటాయి: 30 బ్యాటరీనుండి ఫ్యూజుద్వారా వచ్చేది, 87 పని జరిగేచోటికి పోయేది, 85, 86 చుట్టకు రెండు కొనలు. 85ను భూమికి, అనగా కారు ఒంటికి కలిపి, 86కు తాళంచెవి తిప్పినప్పుడు మాత్రమే ప్రాణం వచ్చే తీగను ఇవ్వాలి. మా మెకానికు 86ను నేరుగా బ్యాటరీకి కలిపినాడు. తాళంచెవి నా జేబులో ఉన్నా రిలే రేయింబవళ్ళు మేలుకొనే ఉన్నది. చుట్టకే 0.15 ఆంపియరు, తక్కినది రేడియో, చార్జరు తిన్నవి.

ఇది విన్నప్పుడు నాకు బాలవ్యాకరణంలోని ప్రేరణార్థకం జ్ఞాపకం వచ్చింది. దీపం వెలుగుతుంది, స్విచ్చి వెలిగిస్తుంది. చేసేవాడు వేరు, చేయించేవాడు వేరు. రిలేకు 'ప్రేరకం' అనుకున్నాను. పదనిర్మాణప్రియులు ఇంతకంటె మెరుగైనది సూచిస్తే సంతోషం.

అసలు శ్రమ ఆ తీగను వెదకుటలో ఉన్నది. బ్రిటిషువారి సంప్రదాయంలో తాళంచెవి తరువాతి తీగ తెలుపు, ఫ్యూజు దాటిన తరువాత ఆకుపచ్చ. ఎప్పుడూ ప్రాణమున్నది గోధుమరంగు. కాని ముప్పదియేండ్లలో ఎందరి చేతులు పడినాయో, మా బండిలో రంగులకు అర్థం మిగలలేదు. అందుచేత అతడు టెస్టు ల్యాంపు పట్టుకొని ఒక్కొక్క తీగను పరీక్షించాడు. ఒకటి ఎల్లప్పుడూ వెలిగింది, వదలినాడు. ఒకటి తాళంచెవితో వెలిగింది గాని, ఇంజను తిప్పే క్షణాన ఆరిపోయింది, దానినీ వదలినాడు. ఇంజను కాయిలుకు పోయే తీగ చేతికందినా దానిని తాకలేదు. "దీనికి ఏమన్న అయితె బండే ఆగుతది సార్" అన్నాడు. చివరకు ఫ్యూజుపెట్టెలో తాళంచెవి వైపున్న కొననుండి సన్నని తీగ లాగి, దానికి మూడు ఆంపియర్ల ఫ్యూజు వేసి 86కు కలిపినాడు. చుట్ట ఆరేటప్పుడు ఎదురుతన్నే విద్యుత్తును అణచుటకు ఒక డయోడును, దాని తెల్లగీత 86 వైపుండేటట్లు, అడ్డంగా పెట్టినాడు.

పనిలో పనిగా హెడ్‌లైట్లకు రెండు రిలేలు వేసినాడు. రెండు అరవై వాట్ల బల్బులంటే పది ఆంపియర్లు. అదంతా ఇన్నేండ్లు డ్యాష్‌బోర్డులోని ముసలి స్విచ్చిగుండా పోయింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీవద్ద 13.6 వోల్టులుంటే బల్బువద్ద 10.8 చేరుతున్నవట. వోల్టు తగ్గినదానికంటె వెలుగు చాలా ఎక్కువగా పడిపోతుంది. సగం కూడా మిగలదు. రాత్రిళ్ళు అన్నగారు కండ్లు చికిలించుకొని నడపటం నాకు గుర్తున్నది. కంటిచూపు తగ్గిందని ఆయనను అద్దాలకు తీసుకొనిపోయిందీ నేనే.

సాయంకాలం చీకటి పడుతుండగా అతడు తాళంచెవిని నాకు ఇవ్వలేదు. గడపలో నిలిచిన వదినెగారివద్దకు పోయి, "అమ్మా, మీరే తిప్పుండ్రి" అన్నాడు. ముప్పదియేండ్లు పక్కసీటులో కూర్చున్న మనిషి, ఆ తాళంచెవిని ఏనాడూ తిప్పలేదు. కూర్చుని, కొంగుతో చేయి తుడుచుకొని, తిప్పినారు. బానెట్టు కింద 'టిక్కు' మన్నది. వెనుకకు తిప్పినారు; మళ్ళీ 'టిక్కు'. ఇంకొకమారు తిప్పి విన్నారు.

"గంతేనా?" అన్నారు.

"గంతేనమ్మా."

దీపాలు వేస్తే ఎదుటి గోడమీద వేపకొమ్మల నీడలు ఆకు ఆకుగా పడినాయి. అమ్మే మాట ఎత్తుతారేమోనని నేను చూస్తున్నాను. వదినెగారు తాళంచెవి తీసి కొంగున ముడివేసుకొని, వచ్చే శనివారం ధర్మపురికి పోదామన్నారు. గోదావరి ఒడ్డున కాసేపు కూర్చుని, చీకటిపడ్డాకే తిరిగివద్దామన్నారు.