దేవుడి తోటకి లెక్కుంది, మన తోటకి లేదు

మా నూజివీడు వైపు మామిడి కోతల రోజుల్లో నలుగురం చేరితే రెండు వాదనలు తప్పవు. మొదటిది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళది. "మా జీతంలోంచి పన్ను ముందే కోసేస్తున్నారు, కోట్లున్నోడు మాత్రం హాయిగా ఉన్నాడు" అని. రెండోది అందరిదీ. "గుడి హుండీ మీద గవర్నమెంటు పెత్తనమేంటి? మన పన్ను డబ్బుతో ఎవరెవర్నో యాత్రలకి పంపడమేంటి?" అని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు మాత్రం నాకు కనపడలేదు. నాకైతే రెండూ ఒకటే ప్రశ్న. ప్రభుత్వం ఎవర్ని లెక్క అడుగుతోంది, ఎవర్ని అడగట్లేదు?

ముందు దేవుడి సంగతి చూద్దాం. గుడికి భూమి ఉంటే బహిరంగంగా వేలం వేసి కౌలుకివ్వాలి. 1987 దేవాదాయ చట్టం ప్రకారం ఆదాయమున్న గుళ్ళు శాఖ నిర్వహణకీ, సర్వశ్రేయో నిధికీ వాటా కట్టాలి. ఈ గొడవ కొత్తదేం కాదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, మద్రాసు ప్రభుత్వం వసూలు చేసేది ఫీజు కాదు, పన్ను అని తేల్చి కొట్టేసింది. ఫీజంటే దానికి బదులుగా ఏం పని చేస్తున్నారో చూపించాలి, ఆ డబ్బు విడిగా ఉంచాలి అంది. అంటే దేవుడి దగ్గర తీసుకున్నదానికి ప్రభుత్వం కూడా లెక్క చెప్పాల్సిందే.

యాత్రల సంగతికొస్తే, ఒక మతాన్ని పెంచడానికని ప్రత్యేకంగా కేటాయించే పన్ను ఎవరిచేతా బలవంతంగా కట్టించకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెప్తోంది. హజ్ సబ్సిడీ మీద 2011లో వచ్చిన తీర్పు (ప్రఫుల్ల గొరాడియా కేసు, జస్టిస్ కట్జూ) దీనికో కొలత పెట్టింది. వసూలైన పన్నులో పెద్ద భాగం, ఉదాహరణకి పాతిక శాతం, ఒక మతానికి పోతే తప్పు, చిన్న మొత్తమైతే ఫర్వాలేదని. నాకు ఈ తర్కం నచ్చదు. సూత్రానికి తూకం రాళ్ళేమిటి? ఆ సబ్సిడీ 2018లో ఆగిపోయింది. మన రాష్ట్రంలో 2008లో జెరూసలేం యాత్రకి సాయం మొదలైంది, తర్వాత పాస్టర్లకి గౌరవ వేతనమూ వచ్చింది, గుళ్ళకి ధూపదీప నైవేద్యం పథకం ఉంది. నా మటుకు ఇవేవీ ఖజానా నుంచి ఇవ్వనక్కర్లేదు. మా గుడికిచ్చేదీ అందులోదే.

ఇంత చెప్పాక మన తోటల సంగతి మాట్లాడకపోతే బాగోదు. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన మొదటి ఆదాయపు పన్ను భూమి ఆదాయం మీద కూడా ఉండేది. 1886 చట్టం దాన్ని వదిలేసింది. భూమి ఎలాగూ శిస్తు కడుతోంది, జమీందార్లు 1802 ఏర్పాటు ప్రకారం పేష్కష్ కడుతున్నారు, మళ్ళీ పన్నేమిటని అప్పటి సమర్థన. సరే, ఒప్పుకుందాం. 1948 చట్టంతో నూజివీడు లాంటి జమీందారీలు పోయాయి, పేష్కష్ పోయింది. ఎనభైల్లో భూమి శిస్తు కూడా తీసేసి నీటి పన్ను పెట్టారు. బోరు మీద బతికే మామిడి తోటకి అదీ రాదు. కారణాలన్నీ ఒక్కొక్కటే పోయాయి, మినహాయింపు మాత్రం కదల్లేదు! 1961 చట్టం సెక్షన్ 10(1)లో ఉంది, 2025 కొత్త చట్టంలోనూ ఉంది. మరోపక్క సంపద పన్ను 2015లో ఎత్తేశారు.

ఇందులో తమాషా చూడండి. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటూ తోటని గుత్తకిస్తే ఆ గుత్త డబ్బు "వ్యవసాయాదాయం". పన్ను లేదు. చెట్టు మీద కాపు కొనుక్కుని, మనుషుల్ని పెట్టి కోయించి, లారీకెత్తి నున్న మార్కెట్‌కి తోలే వ్యాపారికొచ్చిన లాభం మాత్రం వ్యాపారాదాయం. దానికి పన్ను ఉంది. ఎండలో తిరిగేవాడికి పన్ను, ఏసీలో కూర్చునేవాడికి మినహాయింపు. (1973 నుంచి వ్యవసాయాదాయాన్ని రేటు లెక్క కోసం కలుపుతున్నారు కదా అంటారు. దానివల్ల మీ మిగతా ఆదాయం మీద పన్ను కాస్త పెరుగుతుందేమో కానీ, వ్యవసాయాదాయం మీద నేరుగా పన్ను పడదు.) మాకూ కాస్త తోట ఉంది. ఆ డబ్బు నా రిటర్నులో మినహాయింపు గడిలోకే వెళ్తుంది.

ఈ మాటంటే మా బాబాయి గయ్యిమన్నాడు. "ఏరా, తేనెమంచు పురుగొస్తే మీ ఇన్‌కమ్ టాక్సాఫీసరొచ్చి మందు కొడతాడా? గాలివానకి కాయంతా రాలిపోతే వాడొచ్చి ఏరతాడా?" అని. ఆయన బాధ అబద్ధం కాదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకి నాలుగు రూపాయలు వేసి రైతుని ఆదుకోవాల్సొచ్చింది. కానీ బాబాయ్, ఆదాయపు పన్ను పడేది లాభం మీద, కాయ మీద కాదు. నష్టమొచ్చిన ఏడు పన్నే ఉండదు. జీతగాళ్ళకి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదు కదా, అదే గీత రైతుకీ గీస్తే నీలాంటివాళ్ళలో ఎంతమంది ఆ గీత దాటుతారు? రైతు పేరు చెప్పుకుని దాని వెనక నిలబడ్డ పెద్ద చేతులకే కదా తగిలేది. ఇంతకీ కౌలు రైతుకి ఈ మినహాయింపువల్ల ఒరిగేదేం లేదు, వాడికి మిగిలితేగా!

దీనికి ఢిల్లీని అడగాల్సిన పని కూడా లేదు. వ్యవసాయాదాయం మీద పన్ను రాష్ట్రాల జాబితాలో 46వ అంశం. కేరళ, అస్సాం లాంటి రాష్ట్రాలు తోటల మీద వేసి చూపించాయి. పెద్ద కమతాల మీద పన్ను వెయ్యమని 1972లోనే కె.ఎన్. రాజ్ కమిటీ సిఫార్సు చేసింది. ఎన్నికల అఫిడవిట్లలో వృత్తి అని ఉన్నచోట "వ్యవసాయం" అని రాసుకున్న ఎమ్మెల్యేలే ఆ బిల్లుకి చెయ్యెత్తాలి మరి.

గుడి వేలం పాట పంచనామాతో సహా దేవాదాయ శాఖ ఫైల్లో ఉంటుంది. మా తోట గుత్త మాత్రం, పూత చూసి, నోటిమాట మీద, టీ కొట్టు దగ్గర కుదురుతుంది.