పాడుచేసి నేర్పే ల్యాబ్

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో ఏ మెట్లెక్కినా ఏదో ఒక కోర్సు తగులుతుంది. డెవాప్స్, డేటా సైన్స్, క్లౌడ్ బోర్డుల మధ్య నెట్‌వర్కింగ్ బోర్డు చిన్నదే. అయినా మూడో అంతస్తులో ఉన్న ఈ ల్యాబ్‌కి దారి అడగక్కర్లేదు, ఫ్యాన్ల హోరు మెట్ల మీదికే వినిపిస్తుంది. లోపల రెండు ర్యాకులు. వాటిలో కంపెనీలు తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్కో 2960 స్విచ్‌లు, 2811 రూటర్లు. ఒక్కో పెట్టె మీద పాత కంపెనీ స్టిక్కర్ సగం గీకినట్టు ఉంది.

ఇవన్నీ లేకుండా కూడా నేర్చుకోవచ్చు. సిస్కోవాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, లాప్‌టాప్‌లోనే నెట్‌వర్క్ మొత్తం కట్టేయొచ్చు. “దాంట్లో కేబుల్ లూజ్ అవదు, ఎలక కొరకదు, ఊడ్చే ఆమె ప్లగ్ పీకదు” అన్నారు ఇక్కడ పాఠం చెప్పే సార్. కంపెనీల్లో ఏళ్ల తరబడి నెట్‌వర్క్ అడ్మిన్‌గా చేసి వచ్చిన మనిషాయన. పొద్దున బ్యాచ్ రాకముందే వచ్చి ఏదో ఒకటి చెడగొట్టి పెడతారు. ఆ తర్వాత బోర్డు మీద ఫిర్యాదు రాస్తారు, అదీ ఆఫీసులో ఉద్యోగి చెప్పే మాటల్లోనే. నేను వెళ్లిన రోజు రాసింది రెండే మాటలు: నెట్ రావట్లేదు.

తెనాలి నుంచి వచ్చిన అమ్మాయి మొదట పింగ్ కొట్టింది. అందరూ చేసేదే. 1983లో మైక్ మూస్ అమెరికా సైన్యపు ప్రయోగశాలలో రాసిన చిన్న ప్రోగ్రాం అది, నేటికీ పని మొదలయ్యేది దాంతోనే. గేట్‌వే పలికింది, అవతలి సర్వర్ పలకలేదు. “ఆగమ్మా, ముందు నీ అడ్రస్ ఏంటో చూసుకున్నావా?” అన్నారు సార్. ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168.0తో మొదలయ్యే అడ్రస్ కనిపించింది. ల్యాబ్‌లో అడ్రస్‌లన్నీ 10తో మొదలవ్వాలి. 169.254 అని వచ్చి ఉంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వరే అందలేదని, మెషీన్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఇక్కడ అదీ కాదు. ఎవరో పంచుతున్నారు, కాకపోతే పంచాల్సినవాళ్లు కాదు.

ఆ అమ్మాయి అక్కడి నుంచి చేసిన పని చూడముచ్చటగా ఉంది. ఏఆర్‌పీ పట్టికలో గేట్‌వే తాలూకు మ్యాక్ అడ్రస్ తీసి పుస్తకంలో రాసుకుంది. స్విచ్‌లోకి లాగిన్ అయి, ఆ మ్యాక్ ఏ పోర్టు మీద వినిపిస్తోందో వెతికింది. పదిహేడో పోర్టు. కేబుల్ వెంబడి వేళ్లు జరుపుకుంటూ పోతే బెంచీ కింద అట్టపెట్టె, అందులో ఇంట్లో వాడే వైఫై రూటర్. సిగ్నల్ సరిగా రావట్లేదని ఉద్యోగి ఇంటి నుంచి తెచ్చి గోడ సాకెట్లో గుచ్చే రకం. అది ఆఫీసులో అడిగినవాళ్లందరికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టి, అసలు సర్వర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మమంటే ఈ బాధ ఉండదు. ఆ నాలుగు లైన్లు అమ్మాయే టైప్ చేసింది.

తర్వాతిది సార్‌కి బాగా ఇష్టమైన ఆట. సెట్టింగులేవీ లేని చవక స్విచ్ ఒకటి తీసి, ఒకే ప్యాచ్ కార్డు రెండు కొసలనీ దానికే గుచ్చారు. రెండు క్షణాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిగా మెరవడం మొదలైంది. ఐపీ ప్యాకెట్‌కి ఇన్ని మజిలీల తర్వాత చచ్చిపోవాలన్న లెక్క ఉంటుంది, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి అదేమీ లేదు. అందరికీ వెళ్లాల్సిన సందేశం ఊళ్లో పుకారులా తిరిగి తిరిగి అక్కడికే వచ్చి, మళ్లీ అందరికీ వెళ్తుంది. దీనికి విరుగుడు స్పానింగ్ ట్రీ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ రేడియా పెర్ల్‌మన్ 1985లో ప్రచురించిన పద్ధతి అది. చుట్టు కనబడితే స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒక దారి మూసేస్తాయి.

విరుగుడుకీ హద్దుంది. 2002 నవంబర్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ దాదాపు నాలుగు రోజులు కుప్పకూలింది. ఏళ్ల తరబడి ఒక స్విచ్‌కి మరో స్విచ్ తగిలించుకుంటూ పోయి, స్పానింగ్ ట్రీ మోయగలిగిన దూరం దాటేశారు. డాక్టర్లు కాగితాల మీద మందులు రాయాల్సి వచ్చింది. అక్కడి కంప్యూటర్ విభాగం పెద్ద జాన్ హలామ్కా దాన్ని దాచుకోకుండా అందరికీ చెప్పారు. మన సంస్థల్లో ఇలాంటివి జరిగితే “సర్వర్ డౌన్” అన్న మాటతో సరిపెడతారు, అసలు కారణం ఎప్పటికీ బయటికి రాదు. అందుకే ఈ ల్యాబ్‌లో చెప్పే ఉదాహరణల్లో ఎక్కువ భాగం అమెరికావే.

మనుషుల చేతులు చేసే పాడు వేరే పాఠం. ఒకే నెట్‌వర్క్‌ని విడివిడి భాగాలుగా చేసేవి వీలాన్లు, వాటిని ఒక స్విచ్ నుంచి మరోదానికి మోసే లింకు ట్రంక్. ట్రంక్ మీద కొత్త వీలాన్ చేర్చాలంటే కమాండ్‌లో ‘యాడ్’ అని రాయాలి. మర్చిపోతే అప్పటిదాకా నడుస్తున్న వీలాన్లన్నీ ఎగిరిపోయి కొత్తదొక్కటే మిగులుతుంది. దూరాన ఉన్న బ్రాంచి స్విచ్ మీద ఇలా చేస్తే ఇక లోపలికి వెళ్లే దారి కూడా పోతుంది. అందుకని చేయి పెట్టే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టమంటారు సార్. పని చెడితే పది నిమిషాల్లో పెట్టె తనంతట తానే పాత సెట్టింగులతో లేస్తుంది, బాగుంటే రద్దు చేసుకోవచ్చు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరేడు గంటలు మూతపడింది కూడా మెయింటెనెన్స్‌లో కొట్టిన ఒక కమాండ్‌తోనే. అలాంటి తప్పును ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రాంలోనే లోపం ఉండటంతో అది ఆపలేదు. బాగుచేయాల్సిన ఇంజనీర్లకు దూరం నుంచి లాగిన్ అయ్యే దారీ పోయింది.

సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికి సార్ హైదరాబాద్‌కి దిగారు. 2022 జనవరిలో మహేష్ బ్యాంక్ నుంచి దొంగలు 12 కోట్లకు పైగా లాగేశారు. సిబ్బందికి పంపిన మెయిల్ తెరవడంతో మొదలై, డబ్బు వందకు పైగా ఖాతాల్లోకి పాకిపోయింది. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. క్లాసులో దీన్ని చెప్పేది భయపెట్టడానికి కాదు. కౌంటర్‌లో కూర్చునే మెషీన్ నుంచి డేటాబేస్‌కి దారి ఎందుకుండాలో చెప్పమని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతారు. వరంగల్ కుర్రాడొకడు “అవసరం లేదు సార్” అన్నాడు. “అయితే రాయి” అన్నారు. ఎవరిని ఎక్కడికి వెళ్లనివ్వాలో స్విచ్‌కి, రూటర్‌కి చెప్పే యాక్సెస్ లిస్ట్ రాయడానికి కుర్రాడికి చాలాసేపే పట్టింది, అదీ మొదటిసారి తన మెషీన్‌నే బయటికి నెట్టేశాక.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలన్నీ ఒకే సమయానికి కలపాలి. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సార్ ఒక స్విచ్ లాగ్ తెరిచి చూపిస్తే అందులో తేదీ 1993 మార్చి 1. సమయం పెట్టకుండా ఆన్ చేసిన ఆ పెట్టె తనకు తెలిసిన తేదీతో మొదలైంది. దొంగ ముందు ఏ తలుపు తీశాడో ఇలాంటి లాగ్‌లతో తేల్చడం పోలీసులకైనా కష్టమే.

సాయంత్రం ఫిర్యాదు కొంచెం ముదురుది: ఫైలు కాపీ అవుతోంది గానీ గంట పడుతోంది. పింగ్ చక్కగా పలుకుతోంది. వరంగల్ కుర్రాడు రెండుసార్లు కేబుల్ మార్చాడు. చివరికి ఇంటర్‌ఫేస్ కౌంటర్లు తెరిచి చూస్తే ఒకవైపు లేట్ కొలిజన్లు, రెండోవైపు సీఆర్‌సీ తప్పులు పెరుగుతున్నాయి. ఒక స్విచ్‌లో ఒకేసారి పంపుతూ అందుకునే ఫుల్ డుప్లెక్స్ బలవంతంగా పెట్టి ఉంది, రెండోది ఆటోలో ఉండి హాఫ్‌కి పడిపోయింది. రెండూ ఆటోలో పెట్టగానే ఫైలు దూసుకుపోయింది. కుర్రాడు లేచి బ్యాగ్ సర్దుకుంటున్నాడు. సార్ ర్యాక్ వెనక్కి వెళ్లి స్విచ్ పవర్ పీకి మళ్లీ పెట్టారు. అది లేచి ఆన్ అయ్యేదాకా అందరూ చూశారు. ఫైలు మళ్లీ పాకుతోంది.

“సేవ్ చేశావా నాన్నా?”

కుర్రాడు బ్యాగ్ దించి కూర్చున్నాడు.